‘సర్పంచ్ పదవిని వేలం పాడిన్రు, ఇది ప్రజాస్వామ్యమేనా మేడం?’

నల్గొండ జిల్లాల ఒక చిన్న టౌన్ నుంచి ఒక చెల్లె పెద్ద ఉత్తరం రాసింది. పేరు, కాలేజీ, మండలం ఏదీ చెప్పొద్దని అడిగింది కాబట్టి చెప్తలేను. వయసు 31, ఎంఏ పొలిటికల్ సైన్స్, మూడేండ్ల నుంచి ఒక డిగ్రీ కాలేజీల గెస్ట్ లెక్చరర్. పీరియడ్ లెక్కన పైసలు, ఏడాది అయిపోంగనే మళ్ల తీసుకుంటరో లేదో అని ఎదురుచూసుడు. ఫస్టియర్ బీఏ పిల్లలకు రాజ్యం, సార్వభౌమాధికారం, ప్రభుత్వ రూపాలు చెప్తది. క్లాసుల సగం మంది దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు)ల వేరే సీటు రాక ఈడికి వచ్చినోళ్లే, మగపిల్లలు పొద్దుగాల కానిస్టేబుల్ రన్నింగ్ ప్రాక్టీస్‌కు పోయొచ్చి బెంచీల మీద తల పెట్టి పండుకుంటరు, నోట్స్ చెప్తే రాసుకుంటరు, ఆపితే పెన్ను కూడా ఆగుతది.

ఒకరోజు అరిస్టాటిల్ చేసిన ప్రభుత్వాల వర్గీకరణ చెప్తుంటే ఒక అబ్బాయి లేసి అడిగిండట: “మేడం, మా ఊర్ల సర్పంచ్ పదవిని వేలం పాడిన్రు, గుడి కట్టిస్తనని ఎక్కువ పాడినాయనకు ఇచ్చి ఏకగ్రీవం అన్నరు. అది నా మొదటి ఓటు, వెయ్యకముందే పోయింది. ఇది ప్రజాస్వామ్యమేనా?” మూడేండ్లల్ల మొదటిసారి క్లాస్ మొత్తం తలెత్తి చూసిందట. ఈమెకు సంతోషమై “కాదు అనేటోళ్లు చేతులెత్తండి” అన్నది, నలభై చేతులు లేసినయి. లాస్ట్ బెంచిల ఒక ఆడపిల్ల మాత్రం ఎత్తలే, అందరు ఎనుకకు మళ్లి చూసిన్రు. ఆ పిల్ల ఆ సర్పంచ్ బిడ్డనే అని తర్వాత తెలిసింది. సాయంత్రం ప్రిన్సిపాల్‌కు ఫోన్ వచ్చింది, “చదువు చెప్పమంటే రాజకీయాలు చెప్తున్నరు” అని. ప్రిన్సిపాల్ పిలిచి సిలబస్ అయిపోగొట్టు, మిగతాది మనకెందుకమ్మా అన్నడు. ఇంట్ల భర్త కూడా అదే మాట, లొల్లి ఎందుకు నీకు అని. ఆ అబ్బాయి పది రోజుల నుంచి కాలేజీకి వస్తలేడు. ఆ పిల్ల వస్తున్నది కానీ మాట్లాడుతలేదు. “నోట్స్ చెప్పుకుంట బతకాల్నా అక్కా, లేకపోతే మానేయాల్నా? రాజనీతి శాస్త్రం చెప్పుకుంట రాజకీయం మాట్లాడొద్దంటే ఎట్ల చెప్పాలె?” అని అడుగుతున్నది.

చెల్లె,

నేను 28 ఏండ్లు పాలమూరు దిక్కు డిగ్రీ కాలేజీలల్ల ఇదే సబ్జెక్ట్ చెప్పి రిటైర్ అయిన, నీ ఉత్తరం చదువుతుంటే ఆ బ్లాక్‌బోర్డు, ఆ బెంచీలు అన్నీ కండ్ల ముంగట తిరిగినయి. ముందుగాల ఆ లాస్ట్ బెంచి పిల్ల ముచ్చట మాట్లాడాలె. నువ్వు నాలుగు పేజీలు రాసినవ్, ప్రిన్సిపాల్ గురించి ఒక పేజీ ఉన్నది, ఆ అబ్బాయి గురించి ఒక పేజీ ఉన్నది, ఆ పిల్ల గురించి రెండే లైన్లు. నీకు నొప్పి అయినా సరే ఒక మాట చెప్తా, ఆ అబ్బాయి ప్రశ్న తప్పు కాదు, నువ్వు దాన్ని క్లాసుల చర్చకు పెట్టుడు కూడా తప్పు కాదు, చేతులెత్తమన్నవ్ చూడు, ఆడ తప్పు జరిగింది. ఊర్ల ఏమైంది? పెద్దమనుషులు కూసొని అందరికీ ఇష్టమే గదా అన్నరు, నలుగురి ముంగట కాదనే ధైర్యం ఎవ్వరికీ రాలే, ఏకగ్రీవం అయింది. నీ క్లాసుల ఏమైంది? మేడం అడిగింది, పక్కోడు ఎత్తిండు కాబట్టి వీడు ఎత్తిండు, కాదనాలనుకున్న ఒక్క పిల్ల అందరి ముంగట ఒంటరిగ కూసున్నది. వేలం తప్పని చెప్పబోయి ఆ ఊర్ల జరిగిన పనినే చిన్నగ మళ్ల చేసినట్టయింది. నిన్ను తిట్టనీకి కాదు చెల్లె ఇది చెప్పుడు, నేను కూడా చేసిన ఇట్లాంటివి. కానీ నీ సెమిస్టర్ మొత్తంల అన్నిటికంటె మంచి పాఠం ఈడనే దొరుకుతది.

రహస్య ఓటు ఎందుకు అనే ప్రశ్న ఫస్టియర్ పిల్లలకు ఒక్క లైన్ నోట్స్‌ల పోతది. దాన్ని ఆపి చెప్పు. 1952ల మన దేశంల మొదటి సాధారణ ఎన్నికలప్పుడు చదువు రాని జనమే ఎక్కువ, ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క డబ్బా పెట్టి, దాని మీద గుర్తు అంటించి, తెర ఎనుక పెట్టిన్రు. ఆ తెర ఎందుకంటే దొర పొలంల పనిచేసేటాయన ఎవరి డబ్బాల వేసిండో దొరకు తెల్వొద్దు కాబట్టి. అదే నల్గొండల ఏమైందో కూడా చెప్పు, 1951 దాక సాయుధ పోరాటం నడిచిన జిల్లా ఇది, ఆ ఎంబడే వచ్చిన ఎన్నికల్ల కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి గారు నెహ్రూకంటె ఎక్కువ ఓట్లతోని లోక్‌సభకు పోయిండు. తుపాకి పట్టిన చేతులే ఓటు కాగితం పట్టుకున్నయంటే ఆ తెర మీద నమ్మకం కుదిరిందన్నట్టు, నాకైతే అట్లనే అర్థమయితది. ఇగ దాని పక్కన ఇంకో ముచ్చట పెట్టు. మండల పరిషత్ అధ్యక్షుని ఎన్నిక చేతులెత్తే పద్ధతిలనే అయితది. మరి ఎంపీటీసీలు, అంటే మనం ఎన్నుకున్న మండల పరిషత్ మెంబర్లు, బహిరంగంగ ఎందుకెత్తాలె, మనం రహస్యంగ ఎందుకెయ్యాలె అని అడుగు. ఎంపీటీసీ మన తరఫున పోయినోడు, ఏం చేసిండో మనకు తెల్వాలె, మనం ఎవ్వరి తరఫునా కాదు, మనం ఎవ్వరికీ లెక్క చెప్పే పని లేదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ప్రాతినిధ్యం అనే మాట పిల్లలకు జన్మల మర్చిపోకుండ అర్థమయితది.

ఇగ ఆ అబ్బాయికి జవాబు. వానికి జవాబు బాకీ ఉన్నవ్, అది ఇయ్యకుండ సిలబస్ ముందుకు పోదు. అరిస్టాటిల్ అడిగినయి రెండే ప్రశ్నలు గదా, పాలించేది ఒక్కడా, కొందరా, అందరా, పాలించేది అందరి మంచికా, వాళ్ల మంచికేనా అని. ఆయన ప్రజాస్వామ్యాన్నే చెడ్డ రూపాలల్ల లెక్కేసిండు, ఈ సంగతి పిల్లలకు చెప్తే ఉలిక్కిపడతరు, చెప్పు. వేలం అనేది పైసలున్న కొందరి పాలన, ఆయన లెక్కల ఓలిగార్కీ. చట్టం ప్రకారం కూడా ఒక్కరే నామినేషన్ ఏసి ఏకగ్రీవం అయితే చెల్లుతది కానీ పదవిని వేలం పాడుడు చెల్లదు, ఈ రెండు వేరువేరు, ఇది ఖచ్చితంగ చెప్పాలె. అయితే అవతలి వాదన కూడా క్లాసుల నిలబడాలె చెల్లె. ఎన్నికలొస్తే ఊరు రెండు ముక్కలయితది, అన్నదమ్ములు మాట్లాడుకోరు, నిలబడ్డోళ్లు ఇద్దరూ భూమి అమ్ముకుంటరు, ఆ పైసలేవో గుడికన్న వస్తే మంచిదే గదా అని ఆ పెద్దమనుషులు నిజంగనే అనుకొని ఉండొచ్చు. మన ప్రభుత్వాలే ఏకగ్రీవమైన పంచాయతీలకు ప్రోత్సాహకం ఇస్తమని చెప్పినయి గదా. ఆ వాదన కూడా బలంగ చెప్పినంక అప్పుడు అడుగు, ఆ కూర్చున్న పెద్దమనుషులల్ల ఆడోళ్లు ఎంతమంది, కూలికి పోయినోళ్లు ఎంతమంది, హైదరాబాద్‌ల వాచ్‌మెన్ పని చేసుకునేటోళ్లను ఎవరన్న ఫోన్ చేసి అడిగిన్రా అని. జవాబు నువ్వు చెప్పకు, రాసుకొని రమ్మను.

ఒక ఉపాయం చెప్తా, నేను చానా ఏండ్లు వాడిన. ఎదురుంగ ఉన్న ఊరు పేరు తియ్యకుండ అదే ప్రశ్నను వేరే తొవ్వ నుంచి తీసుకురావాలె. ఒక్కరే నిలబడ్డ ఊరి ముచ్చట వద్దనుకుంటే 480 మంది నిలబడ్డ ముచ్చట నీ జిల్లాలనే ఉన్నది. 1996 లోక్‌సభ ఎన్నికలు, నల్గొండ నియోజకవర్గం. మర్రిగూడ, నాంపల్లి దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర పోయినోళ్లు, ముప్పై ఏండ్లకే నడుం వంగినోళ్లు, ఎన్ని దరఖాస్తులు పెట్టినా ఎవ్వరూ వినకపోతే జల సాధన సమితి వాళ్లు జనంతోని వందల నామినేషన్లు ఏపిచ్చిన్రు. బరిల మిగిలినోళ్లు 480 మంది. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది, నల్గొండ నీళ్ల ముచ్చట దేశమంత తెలిసింది. గెల్వనీకి కాదు వాళ్లు నిలబడ్డది, వినిపిచ్చనీకి. అదే ఏడు చట్టం మార్చిన్రు, లోక్‌సభకు డిపాజిట్ 500 ఉన్నదాన్ని 10,000 చేసిన్రు. ఇప్పుడు 25,000 ఉన్నది. ఈడ క్లాస్‌ను రెండు చెయ్యి. ఉత్తగ ఎవరుబడితే వాళ్లు నిలబడితే ఎన్నిక ఎట్ల నడుస్తది అని ఒక సగం వాదించాలె, పైసలు లేనోనికి దరఖాస్తు పెట్టే ఆఖరి తొవ్వ కూడా మూసేసిన్రు అని ఇంకో సగం వాదించాలె. అయినా 2019ల నిజామాబాద్‌ల పసుపు రైతులు మళ్ల అదే పని చేసిన్రు, 185 మంది బరిల ఉన్నరు, ఇది కూడా చెప్పు. హక్కు, పౌరసత్వం, నిరసన, ప్రాతినిధ్యం, సిలబస్‌ల నాలుగు యూనిట్లు ఈ ఒక్క ముచ్చటల పడుతయి, ఎవ్వరి నాయన పేరూ రాదు. తాతనో అమ్మమ్మనో అడిగి రమ్మంటే క్లాసుల ఒకరిద్దరి ఇంట్లనన్న ఆ ఎన్నికల నిలబడ్డోళ్లు దొరుకుతరేమో.

ప్రభుత్వ రూపాలు చెప్పేటప్పుడు కూడా అమెరికాతోని మొదలుపెట్టకు, ఆడికి చివరికి పో. సర్పంచ్‌ను మనమే నేరుగ ఓటేసి ఎన్నుకుంటం, ఎంపీపీని, అంటే మండల పరిషత్ అధ్యక్షున్ని, మనం ఎన్నుకున్న ఎంపీటీసీలు ఎన్నుకుంటరు. ఒకటి అధ్యక్ష తరహాకు దగ్గర, ఒకటి పార్లమెంటరీ తరహాకు దగ్గర, రెండూ ఒక్క మండలంలనే ఉన్నయి. ఎంపీపీ ఎన్నికలు రాంగనే ఎంపీటీసీలను క్యాంపులకు ఎందుకు తీసుకపోతరు, సర్పంచ్ ఎన్నికకు వార్డు మెంబర్లను అట్ల ఎందుకు తీసుకపోరు అని అడుగు, బస్సుల తిరిగిన క్యాంపులు అందరూ చూసినయే, ఠక్కున చెప్తరు. అప్పుడు 1999 ఏప్రిల్‌ల వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభల ఒక్క ఓటుతోని పడిపోయింది చెప్పు, అమెరికా ప్రెసిడెంట్ అట్ల ఒక్క విశ్వాస ఓటుతోని పడిపోడని చెప్పు. అధికారాల మీద అదుపు అంటే, అధికారాలను విడగొట్టాలని చెప్పిన ఫ్రెంచ్ తత్వవేత్త మాంటెస్క్యూ పేరు రాపిచ్చే ముందు పంచాయతీ చెక్ గురించి అడుగు. 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్ మీద సర్పంచ్‌ది, ఉపసర్పంచ్‌ది రెండు సంతకాలు పడాలని పెట్టింది. ఇద్దరికి పడకపోతే వీధిలైట్ల బిల్లు ఆగుతది, చెత్త ట్రాక్టర్‌ల డీజిల్ ఆగుతది, ఒక్కరికే ఇస్తే అడిగేటోడు ఉండడు. అమెరికాల ప్రెసిడెంట్‌కు, కాంగ్రెస్‌కు పడక 2018 డిసెంబర్ నుంచి 2019 జనవరి దాక 35 రోజులు ప్రభుత్వ ఆఫీసులు కొన్ని బందయినయి, అదీ ఇదే లొల్లి, పెద్ద సైజుల.

ఇంకొకటి మర్చిపోకు, ఇది పిల్లలు సొంతంగ చూసింది. 2024 ఫిబ్రవరిల సర్పంచుల గడువు అయిపోయింది, టైంకు ఎన్నికలు పెట్టలే, ఊర్లకు స్పెషల్ ఆఫీసర్లు వచ్చిన్రు. ఐదేండ్లు నిండకముందే ఎన్నిక అయిపోవాలని రాజ్యాంగం 243ఈ ఆర్టికల్ చెప్తది. ఆ టైంల ఊర్ల నల్లా చెడిపోతే ఎవరి ఇంటికి పోయిన్రు, సర్పంచ్ ఉన్నప్పుడు ఎవరి ఇంటికి పోయిన్రు అని అడిగి చూడు. ఎన్నుకున్న ప్రభుత్వానికి, నియమించిన పాలనకు తేడా పుస్తకంల పేజీన్నర ఉంటది, వీళ్లు రెండు మాటలల్ల చెప్తరు. సార్వభౌమాధికారం చెప్పాలంటే గద్వాల, వనపర్తి సంస్థానాలు ఉన్నయి, అవి నిజాంకు పేష్కష్, అంటే కప్పం, కట్టేటియి, నిజాం బ్రిటిషోళ్ల చేతి కింద, మరి ఆ గడ్డ మీద ఆఖరి మాట ఎవరిది? నా క్లాసుల ఈ ఒక్క ప్రశ్న మీద గంట అయిపోయేది, బెల్ కొట్టినా లేవకపోయేటోళ్లు.

ఇగ నీ భయం, నీ ఉద్యోగం. గెస్ట్ లెక్చరర్ నెత్తిమీద కత్తి ఉంటదని నాకు తెలుసు, ధైర్యంగ ఉండు అని ఉత్తగ చెప్పుడు నాకు నచ్చది, ఇంటి కిరాయి నేను కట్టను గదా. నోట్సే చెప్పుకుంట పోతనంటే పో, అది సిగ్గుపడే పని కాదు. వచ్చే ఏడు మళ్ల తీసుకునే అవకాశం ఎక్కువ, పిల్లలు పాసయితరు. పోయేదేందంటే ఆ అబ్బాయి ప్రశ్న ఏడికీ పోదు, వాట్సాప్ గ్రూపులకు పోతది, ఆడ జవాబు చెప్పేటోళ్లు అరిస్టాటిల్‌ను అడగరు. నీకు లోపల ఎట్ల అయితదో నీకే తెల్వాలె, నీ ఉత్తరం చూస్తే నువ్వు రెండేండ్ల కంటె ఎక్కువ అట్ల ఉండలేవనిపిస్తది నాకు.

పైన నేను చెప్పిన తీరు చెప్తనంటే, అది కూడా పూర్తిగ సేఫ్ ఏం కాదు. ఇంకోసారి ఫోన్ రావొచ్చు. అందుకే ముందే కాగితం తయారు పెట్టుకో. వారం వారం ఏ యూనిట్, ఏ టాపిక్, ఏ ఉదాహరణ అని రాసి హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సంతకం తీసుకో, ప్రిన్సిపాల్‌కు ఒక కాపీ నువ్వే పోయి ఇచ్చి రా. మంచోడైనా కాకపోయినా ప్రిన్సిపాల్‌కు ఫోన్ వచ్చినప్పుడు చూపియ్యనీకి ఒక కాగితం కావాలె, అది లేకనే నిన్ను పిలిచిండు. ఇప్పటి పార్టీల పేర్లు, చుట్టుపక్కల ఊర్ల పేర్లు, బతికున్న లోకల్ లీడర్ల పేర్లు క్లాసుల రావొద్దని మొదటి రోజే పిల్లలతోని ఒప్పందం చేసుకో, పదవి పేరు చెప్పాలె, మనిషి పేరు కాదు. నువ్వు ఎవరికి ఓటేస్తవని అడిగితే రహస్య ఓటు పాఠం నాకు కూడా వర్తిస్తది బాబూ అని చెప్పు.

ఆ సర్పంచ్‌తోని మాట్లాడాల్నా అని కూడా అడిగినవ్. మాట్లాడితే మెత్తబడొచ్చు, నా అనుభవంల చానామంది తండ్రులు బిడ్డను నలుగురిల అవమానం చేసిన్రనే కోపంతోనే ఫోన్ చేస్తరు, సిద్ధాంతం మీద కాదు. కానీ మాట పెరిగితే నువ్వు ఒక్కదానివే అయితవ్, కాబట్టి ఒంటరిగ పోకు, ప్రిన్సిపాల్ గదిల, ఆయన ముంగటనే. అది కూడా ఆ పిల్లను అడిగినంకనే, ఆ పిల్ల వద్దంటే వద్దు. మానేసి రెగ్యులర్ పోస్టుల పరీక్షకు చదువుకుంటనంటే అది కూడా మంచి ఆలోచననే, అయితే నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో మన చేతుల ఉండదు, ఆ నెలలన్ని ఇల్లు ఎట్ల నడుస్తదో మీ ఆయనతోని కూసొని లెక్కేసుకో. ఒక్కటే అంటా, ఈ ఫోన్ కోపంల రాజీనామా రాయకు, సెమిస్టర్ అయిపోనీ, అప్పుడు కూడా అదే అనిపిస్తే రాయి. మీ ఆయన లొల్లి వద్దన్నడంటే నీ మీద ప్రేమతోనే అన్నడు, ఆయనకు ఈ 1996 ముచ్చట ఒకసారి చెప్పి చూడు, ఆయన కూడా ఆ జిల్లా మనిషే గదా.

ఏది ఎంచుకున్నా రెండు పనులు మాత్రం ఎవ్వరినీ అడగకుండ చెయ్యొచ్చు. ఆ అబ్బాయికి ఫోన్ చెయ్యి, వాళ్ల దోస్తుల దగ్గర నంబర్ ఉంటది. నీ ప్రశ్నకు జవాబు తయారు పెట్టిన, వచ్చి విను అను, అంతే, తిట్టకు, బతిమాలకు. ఆ పిల్లను స్టాఫ్ రూంకు పిలవకు, అందరూ చూస్తరు, కారిడార్‌ల నడుసుకుంట మాట్లాడు. నిన్ను అట్ల చేతులెత్తమనుడు నాది తప్పమ్మా అని నోరు తెరిచి చెప్పు. లెక్చరర్ ఒక పద్దెనిమిదేండ్ల పిల్లకు తప్పయిందని చెప్పుడు ఆ పిల్ల మళ్ల ఏడ చూస్తదో తెల్వదు.

తర్వాత క్లాసుల అదే ప్రశ్నను ఊరు లేకుండ మళ్ల పెట్టు, ‘పోటీ లేని ఎన్నిక మంచిదా, కాదా’ అని. ఈసారి చిట్టీలు పంచు. ఒక్క నోట్‌బుక్‌ల కాగితాలే చింపు, అన్నీ ఒక్క సైజు ఉండాలె, ఒక్కటే రంగు పెన్నుతోని టిక్ పెట్టమను, నాలుగు మడతలు పెట్టి డబ్బాల వెయ్యమను. లెక్కపెట్టే పని నువ్వు చెయ్యకు, ఆ అబ్బాయి వస్తే వానిని ఒక దిక్కు, ఆ పిల్ల సరేనంటే ఆ పిల్లను ఒక దిక్కు కూసోబెట్టు. వాళ్లిద్దరు విప్పి చదువుతుంటే నువ్వు బోర్డు మీద గీతలు పెట్టు.